కరీమున్ అత్తకు మందు ఆపారు

ప్రత్తిపాడు, ఫిబ్రవరి 2009

నజీర్‌కి మేనత్త కరీమున్ దీవెనలు.

మొదట్లో నా క్యాన్సర్‌ని కరిగించిన మందు ఇప్పుడు పనిచేయడం లేదని గుంటూరు డాక్టరు గారన్నారు. నా జబ్బుని నువ్వు హైదరాబాదులో కంప్యూటర్‌లోకి ఎక్కించావట. ఎవరినడిగి ఎక్కించావురా? కంటి మీద కునుకు లేదు.

నీ అత్త

తా.క.: దాని ముందు కూర్చుని అన్నం తినకు.

~

హైదరాబాదు

అత్తా, సలాం.

ఎక్కించింది జబ్బుని కాదు, నీ స్కానింగుల్లో అంకెల్ని. మందుకి క్యాన్సర్ కణాలు ఎలా మారతాయో కంప్యూటర్ అంచనా కడుతుంది. పత్తి చేలో ఒకే మందు కొడుతూ పోతే లొంగే పురుగులు చచ్చి, మొండివి చేనంతా పాకుతాయే, అలాగన్నమాట. లొంగేవాటిని కొన్నిటిని ఉండనిస్తే మొండివాటికి చోటు దొరకదు. అందుకే కొన్నాళ్ళు మందు ఆపి చూద్దామని డాక్టరు గారూ, ఇక్కడ క్యాన్సర్ లెక్కలు కట్టే మేమూ అనుకున్నాం. నువ్వు ఒప్పుకుంటేనే.

నజీర్

తా.క.: నాకూ నిద్ర లేదు. లెక్క నాది, ఒళ్ళు నీది.

~

ప్రత్తిపాడు

నాయనా,

సంతకం పెట్టాను. మందు ఆపారంటే అర్థం తెలియనంత పిచ్చిదాన్ని కాను. మీ నాన్నకీ, మీ బాబాయి అలీ సాహెబ్‌కీ కబురు పెట్టాను. పొలం గట్టు తగాదా పడ్డప్పటి నుంచీ మొహాలు చూసుకోనివాళ్ళు, నా చివరి చూపుకైనా రాకపోతారా.

ఉన్నన్నాళ్ళూ నీ మేలు కోరే అత్త

తా.క.: నీ ఉత్తరం పక్కింటి సుబ్బరావమ్మకి చదివి వినిపించాను. ఒంట్లో పురుగులనుకుని నులిపురుగుల మాత్ర తెచ్చింది. కాసేపు ఏడ్చి, ఇత్తడి బిందె ఎవరికిస్తావని అడిగింది.

~

హైదరాబాదు

అత్తా,

చివరి చూపని ఎవరన్నారు? పురుగులు లేవు. మందు ఆపింది ఆశ వదులుకుని కాదు. కంప్యూటర్‌లో నీ జబ్బు అంచనా గీత ఒకసారి దిగుతుంది, ఒకసారి ఎగబాకుతుంది, కుర్చీలో కూర్చోలేకపోతున్నాను. నాన్నకి ఫోన్ చేస్తే ఏడుస్తూ పెట్టేశాడు. శుక్రవారం తప్పకుండా పరీక్షకి వెళ్ళు.

కంగారుగా, నజీర్

తా.క.: మాత్ర మింగకు. బిందె ఇవ్వకు.

~

ప్రత్తిపాడు

ఒరేయ్ నజీర్,

పరీక్ష అయింది. డాక్టరు గారు కాగితం తిప్పి తిప్పి చూసి, జబ్బు పోలేదు గానీ పెరగలేదమ్మా, పాత మందే కొద్దిగా మొదలుపెడదాం, ఈసారి పని చేసేలా ఉందన్నారు.

నువ్వు రాసింది నాకు అప్పుడే అర్థమైంది. కానీ మీ నాన్ననీ, బాబాయినీ ఒక గుమ్మంలోకి రప్పించడానికి ఇంకో దారి కనపడలేదు. వచ్చిన రోజు చెరో గోడ చూస్తూ కూర్చున్నారు. ఇప్పుడు నా కళ్ళంలో కలిసి తెల్లబడ్డ తాలు మిరపకాయలు ఏరుతున్నారు. నిన్న మీ బాబాయి, "అన్నా, ఆ గంప ఇటు జరుపు" అన్నాడు. దుప్పటి ముసుగులో విని ఏడ్చాను. భయం లేదనుకోకు, అది రోజూ ఉంది.

ఇంకా ఉన్న నీ అత్త

తా.క.: డాక్టరు గారి మాట వాళ్ళకింకా చెప్పలేదు. కాయలన్నీ ఏరేదాకా నువ్వూ చెప్పకు.