బురదలో గడప

జూన్ 3
ఇక్కడికొచ్చి పదకొండు రోజులు. అమ్మ వీధి వైపు రాలేదు. పెరటి దారినే వెళ్తుంది, వస్తుంది, తడికకి జేరబడుతుంది. పిలిస్తే గుమ్మం దాకా వచ్చి కాలెత్తి... వెనక్కి తీసుకుంటుంది.

జూన్ 4
ఆఫీసరు జీపులో వచ్చాడు. గాలి మంచిదట ఇక్కడ, ఆరోగ్యమట. నీ మొహం! వరిమళ్లలో గిరి గీసి కొత్త పట్నం అంటే అయిపోతుందా? రంగూన్ నడిబొడ్డున మింగళ తౌంగ్‌న్యున్‌లో మా ఇల్లు మా చేతే విప్పించి, చెక్కలు మా చేతే లారీకెత్తించినవాడు వీడే.

జూన్ 6
మింగళాడోన్ దాకా నడక, అక్కణ్ణుంచి రంగూన్ బస్సు. డాక్టరు మనిషిని చూడకుండానే అమ్మకి నిద్రమాత్రలు రాశాడు. "చోటు మారితే పెద్దవాళ్లకి మామూలే." మామూలే!

జూన్ 7
మాత్రలు వెయ్యలేదు.

జూన్ 9
అమ్మ నోరు విప్పింది. "నాను నీలు పోయబట్టే గదే ఎల్లగొట్టేరు..."
పోయినేడు సర్కారుకి ఎదురు తిరిగిన కాలేజీ పిల్లల ఊరేగింపు వెళ్తుంటే గడపలో నిలబడి వాళ్లకి చెంబుతో నీళ్లు పోసింది. వీధంతా పోసింది. వీధంతా ఇక్కడే ఉంది. చెప్పాను, వినదు. దాహానికి నీళ్లిచ్చిన మనిషి తల దించుకోవాలి, ఆ పిల్లల్ని కాల్చినవాళ్లు జీపుల్లో తిరగాలి. ఒళ్లు మండిపోతోంది.

జూన్ 10
తెలిసింది. గుమ్మం ముందు కాలువకి అడ్డంగా వేసిన చెక్క జారి తిరగబడింది. అడుగున పసుపు, కుంకుమ బొట్లు. మా పాత ఇంటి గడప! వచ్చిన రోజు వానలో చేతికందిన చెక్క వేసేశాను. పద్దెనిమిది రోజులు చెప్పులతో తొక్కాను. అమ్మ అదెలా తొక్కుతుంది?
"చెప్పొచ్చుగా" అన్నాను.
"ఏటి సెప్పేది? ఇల్లే నేదు గదా."
నా చేతులు విరగ.

జూన్ 12
పక్క గుడిసె ఆవిడ దో ఖిన్ మేకులిచ్చింది. గడప కడిగి గుమ్మానికి బిగించాను. కాస్త వంకర. కాలువకి వెదురు వేశాను. అమ్మ పసుపు రాసింది, బొట్లు పెట్టింది. దాటింది! ఎండలో నిలబడింది. నాకు ఏడుపొచ్చేసింది.

మధ్యాహ్నం ఇటుకలు మోసే మనిషొకడు గుమ్మం ముందు ఆగి నీళ్లడిగాడు. చెంబు ముంచాను. అమ్మ లోపలికొచ్చి నా మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగాయి.
"పొయ్యకే. మల్లీ ఎల్లగొడతారు."
అతను అది చూసి వెళ్లిపోయాడు. పిలవొచ్చు. వెదురు దాటేదాకా టైముంది. పిలవలేదు నేను.