నేరం చుట్టది కాదట

సుగుణా,

నువ్వు వినవని తెలిసినా, ఈ మాట నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నువ్వు జీవితమంతా నా చుట్టల్ని తిట్టిపోశావు. తీరా చూస్తే ఈ జబ్బు వాటివల్ల కాదట! రైసు మిల్లుల కప్పులకు ఆస్బెస్టాస్ సిమెంటు రేకులు కోసినన్నాళ్లూ నేను పీల్చిన దుమ్ము వల్లనట. ఊపిరితిత్తుల పొరకు పట్టే క్యాన్సరు. పేరు మెసోథెలియోమా. ఎవరో దొరసాని పేరులా లేదూ?

రేపల్లె నుంచి తెనాలి ఆసుపత్రికి నాకు తోడుగా నీ చెల్లెలు రత్నం వచ్చింది. పూర్తిగా నయం కాదనీ, ఆపరేషన్‌కు నా ఒళ్లు తట్టుకోదనీ డాక్టరమ్మ చెప్పింది. కీమో ఉందట. రోగంతో పోరాడే శక్తిని ఒంట్లో లేపే ఇంజెక్షన్లు ఉన్నాయట. అవేవీ వద్దనుకుంటే, ఛాతీలో చేరిన నీరు తీసి ఆయాసం తగ్గిస్తారట.

"అన్నీ చేసేయండమ్మా," అంది రత్నం.

"జబ్బు ఆయనకండి, ఆయన్ని చెప్పనివ్వండి. మీకేం కావాలి పెద్దాయనా?" అంది డాక్టరమ్మ.

ఆసుపత్రిలో ఎప్పుడూ నా తరఫున నువ్వే జవాబు చెప్పేదానివి. నువ్వు పోయావన్నది మరిచి, అలవాటుగా పక్కకు చూశాను. తర్వాత నేనే చెప్పాను.

"ముందు నీరు తీయండమ్మా. ఇంట్లో పోట్లాడ్డానికి కూడా ఊపిరి చాలట్లేదు. ఆ తర్వాత ఇంజెక్షన్లు చూద్దాం. పడకపోతే మానేద్దాం."

నీరు తీయించుకుని మర్నాడు రైలెక్కాం. కీమో కూడా చేయించుకోవాలని రత్నం, వద్దని నేను. ఎక్కడా ఆగకుండా హాయిగా పోట్లాడాను. భట్టిప్రోలు వచ్చేసరికి "సరే బావా, నీ ఇష్టం," అనేసింది.

గెలిచాను గానీ ఏం బాగోలేదు సుగుణా. నువ్వైతే ఇల్లు చేరినా వదిలేదానివి కాదు.