అతుకు లేని చాప

మార్చి 4
మా ఆయన నడిపే క్లైంబింగ్ హాల్లో రిటైరైన నీలం తాడు ఇంటికొచ్చింది. అరవై మీటర్లన్నారు. కొలిచాను, యాభై ఏడున్నర. పాత తాడును మళ్ళీ ఎవరూ ఎక్కడానికి వాడకుండా ముక్కలు చేసెయ్యాలని రూలు. నేనే బతిమాలి కొయ్యకుండా తెప్పించుకున్నాను. ముక్కలతో చాప అల్లితే అతుకు అతుక్కీ ముడి, ముడి ముడీ కాలికి తగులుతుంది. ఇన్నాళ్ళూ అల్లినవి వాళ్ళకీ వీళ్ళకీ పోయాయి. ఇది నా మంచం పక్కకి.

మార్చి 9
సబ్బునీళ్ళు మూడుసార్లు మార్చాను. ఆరాక తాడంతా చేత్తో తడిమాను. ఒక కొస దగ్గర మెత్తగా ఉంది. నొక్కితే బోలుగా, లోపల దారాలు లేనట్టు. పైకేమీ తెలియదు. అక్కడైతే బాగా వంగుతుందని నడిమి చుట్ట అక్కడే మొదలుపెట్టి దబ్బనంతో కుట్టాను.

మార్చి 21
అయిపోయింది. మా మరిది హాల్లో కోచ్. చూసి, దీని మీద కాలు పెట్టాలంటే హెల్మెట్ పెట్టుకోవాలా వదినా, అన్నాడు. నవ్వొచ్చింది. ఆయన ఫోన్లోంచి తల ఎత్తలేదు.

మార్చి 22
లేస్తూనే రెండు కాళ్ళూ దాని మీద పెట్టి కాసేపు కూర్చున్నాను.

మార్చి 29
అక్క ఆపరేషన్‌కి వెళ్ళి నాలుగు రోజులకి వచ్చాను. చాప లేదు. ఊడ్చితే మంచం కింద నుంచి కుట్టుదారం తుంపులు వచ్చాయి.
ఆయనే విప్పేశారట. రేపు బడిపిల్లలు వస్తున్నారట, కొత్త తాళ్ళు రాలేదట, ఒకటి తక్కువైందట. డేటు అయిపోయిందని తీసేశాం గానీ దానికేం రోగం, అన్నారు. మెత్తటి చోటు సంగతి చెప్పాను. చాపలల్లుకునేదానివి నాకు తాడు గురించి చెప్తావా, అన్నారు. మరిదికి ఫోన్ చేశాను. అన్నయ్య చూశాడుగా వదినా, అని పెట్టేశాడు.

మార్చి 30, ఉదయం 6
హాలు ఊడ్చేది నేనే కాబట్టి ఒక తాళం చెవి నా దగ్గరుంటుంది. తాడు గోడకి వేలాడుతోంది. ఇంకా చుట్టలు చుట్టలుగానే ఉంది. నా చాపను అది మరిచిపోలేదు.
పీచు ఊడకుండా ఎప్పుడూ చాకు కాల్చి కోస్తాను. ఇవాళ కాల్చలేదు. మెత్తటి చోట ముందు కోశాను. లోపలి తెల్లదారాలు సగానికి పైగా తెగిపోయి ఉన్నాయి. తర్వాత మిగతాదంతా.

సాయంత్రం
నేల మీద ముక్కలు చూసి టీచరు పిల్లల్ని వెనక్కి తీసుకుపోయింది. చాప పోయిందని మా ఆవిడకి పిచ్చెక్కిందండీ, అని ఆయన నవ్వుతూ చెప్పారు. తెగిన ముక్క చేతిలో పెడితే చూడకుండా విసిరేశారు. మరిది తీసుకుని వేళ్ళతో విప్పి చూశాడు. నా వైపు చూశాడు. టీ తాగొస్తా అన్నయ్యా, అని వెళ్ళిపోయాడు.
చాప కోసం కాదా అని నన్ను నేనే అడిగాను. అది కూడా.

ఏప్రిల్ 2
ఆడపడుచు ఫోన్. కాళ్ళ కింద వేసుకునేదాని కోసం ఇంత రభసా వదినా, అంది.

ఏప్రిల్ 11
ముక్కలన్నీ కలిపి గుమ్మం ముందు పట్టా అల్లాను. జానెడుకో ముడి. ఆయన కాళ్ళకి గుచ్చుకుంటోందట.
తెలుసు, అన్నాను.