అక్క స్కార్ఫులో తొమ్మిది ఫోటోలు

అక్కా,

బాగున్నావా. జొహోర్‌లో వానలు ఎక్కువగా ఉన్నాయంట కదా, ఫ్యాక్టరీ బస్సు టైముకి వస్తోందా. నేను ఎప్పుడూ "తిన్నావా", "పడుకున్నావా" అని తప్ప నీకేం పంపలేదు. ఇవాళ పొడుగ్గా రాస్తున్నాను. ఇంటి దగ్గర సిగ్నల్ లేక వంతెన మీదకొచ్చి కూర్చున్నాను. ఆరో తరగతితో బడి మానేసినవాణ్ణి, తప్పులుంటే నవ్వుకో, పర్వాలేదు, కానీ మొత్తం చదువు.

విషయమేమిటంటే, వచ్చే గురువారం సంస్కృతి ఆఫీసు వాళ్లు వస్తున్నారు. రాజధాని కేకే నుంచి ఇద్దరు. పరీక్ష పెడతారంట. ఊళ్లో అగ్గి పడినప్పుడు అమ్మమ్మ వాయించే కులింతంగన్, చట్రంలో పేర్చిన ఆ జేగంటలు, మొత్తం కరిగి ముద్దయిపోయింది కదా. ఎనిమిది జేగంటల్లో ఒక్కటీ మిగల్లేదు. ఆ తరవాత రెండేళ్లు ఊళ్లో పెళ్లిళ్లకి స్పీకర్లో రికార్డు వేశారు. అమ్మమ్మ ఆ పెళ్లిళ్లకి వెళ్లి అన్నం తినకుండా వచ్చేసేది. అప్పుడు కదా రాష్ట్రం వాళ్లు కొత్త జేగంటల సెట్టు ఇచ్చి, అమ్మమ్మకి నెలనెలా జీతం ఇచ్చి, ఏడాదిలో ఒక శిష్యురాలిని తయారు చెయ్యమన్నారు. శిష్యురాలు మూడు పాటల వరసలు వాయించి చూపిస్తే జేగంటలు ఊరికే ఉంటాయి. లేకపోతే తిరిగి వాళ్ల గోడౌనుకి. కాగితం మీద శిష్యురాలివి నువ్వు.

నువ్వు మార్చిలో వెళ్లిపోయావు. తప్పు పట్టడం లేదు, ఉద్యోగం వస్తే ఎవరైనా వెళ్తారు. కానీ నీకు తెలియని సంగతి ఒకటుంది. ఇన్నాళ్లూ చెప్పలేకపోయాను. నెలకో ఫోటో పంపాలి కదా, గురువూ శిష్యురాలూ ఎదురెదురుగా కూర్చున్నట్టు. ఏప్రిల్లో అమ్మమ్మ నీ నీలం స్కార్ఫు తెచ్చి నా తలమీద వేసింది. "నీకు రాకపోతే రాకపోనీ, ఊరికే కూర్చో. వీపు కెమెరావైపు పెట్టు" అంది. మన దుల్ బావ ఫోటో తీశాడు. తీస్తూ, "మస్రిన్, వెనకనుంచి పెళ్లికూతురులా ఉన్నావురా, సంబంధం చూడమంటావా" అన్నాడు. నేను సిగ్గుతో నేలలోకి దిగిపోయాను. ఆ ఫోటో ఆఫీసు మేడమ్‌కి వెళ్లింది. ఆవిడ బొటనవేలు బొమ్మ పంపింది. అట్లా తొమ్మిది ఫోటోలు, తొమ్మిది బొటనవేళ్లు.

గవర్నమెంటుని మోసం చేశామక్కా. గురువారం ఆవిడ వచ్చి "శిష్యురాలు ఏది" అంటే ఏం చెప్పాలి. అమ్మమ్మని జైల్లో పెడతారా. దుల్ బావని అడిగితే, "ముసలాళ్లని పెట్టరులే, స్కార్ఫు కట్టినోణ్ణి పెడతారు" అని నవ్వుతున్నాడు.

ఒక్క మూడు రోజులు సెలవు పెట్టి రా. విమానం టిక్కెట్టుకి నా దగ్గర పీతలమ్మిన డబ్బులున్నాయి, పంపిస్తాను.

నీ తమ్ముడు,
మస్రిన్

*

అక్కా,

నీ జవాబు చూశాను. "సెలవు దొరకదు. నువ్వు అక్కడే ఉండు. అమ్మమ్మని వదిలి ఎక్కడికీ పోకు." అంతేనా. అంత పొడుగు రాస్తే ఇంత ముక్కా. కోపం వచ్చి నిన్నంతా నీకేం పంపలేదు. ఇవాళ కోపం పోయింది కాబట్టి ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. ఇది ఇంకెవరికీ తెలీదు.

నాకు వాయించడం వచ్చు.

మొదట్లో ఊరికే కూర్చునేవాణ్ణి. ఫోటో అయ్యాక లేవబోతే, "కూర్చున్నావు కదా, ఆ కర్రలు పట్టుకో" అంది అమ్మమ్మ. తరవాత ఫోటో లేని రోజుల్లో కూడా పిలవడం మొదలుపెట్టింది. ఆవిడ నేర్పదక్కా, నీకు తెలుసు కదా. నోరు విప్పదు. కొడుతుంది, నేను చూసి కొట్టాలి, తప్పు కొడితే ఆపి నా మొహంకేసి చూస్తుంది. నాకు అదే బాగుంది. బళ్లో టీచరు అరిస్తే నాకు అన్నీ మర్చిపోయేవి. ఇక్కడ అరిచేవాళ్లు లేరు. స్కార్ఫు ఉంటే ఇంకా బాగుంటుంది, ఎవరైనా మెట్లెక్కి వచ్చినా నేను కాదనుకుంటారు. నవ్వకు.

జూలైకి రెండు వరసలు వచ్చాయి. అక్టోబరుకి పెళ్లికొడుకు మెట్లెక్కేటప్పటి వరస కూడా వచ్చింది. అది వచ్చిన రోజు అమ్మమ్మ లేచి వెళ్లి పింజరం తీపి అట్లు పోసి పెట్టింది. ఏడు తిన్నాను.

కానీ ఇది ఎవరికి చెప్పుకోను. మనూళ్లో మగాళ్లు పెద్ద జేగంటలు కొడతారు, డోళ్లు కొడతారు. ముందు కూర్చుని ఈ ఎనిమిది చిన్న జేగంటలు వాయించేది ఆడవాళ్లు. ఎవరి నోట విన్నా అంతే. తెలిస్తే వంతెన దగ్గర కుర్రాళ్లు నన్ను బతకనిస్తారా. ఇప్పటికే నన్ను మూగోడా అని పిలుస్తారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. నేనెప్పుడూ అమ్మమ్మకి ఎదురుగానే కూర్చున్నాను. ఆ ఎనిమిదిలో పెద్దది ఆవిడకి ఎడమచేతివైపు ఉంటే నాకు కుడిచేతివైపు. మొన్న ఆవిడ నిద్రపోతుంటే ఆవిడ చోట కూర్చుని చూశాను. ఒక్కటీ రాలేదు. చేతులు అటువి ఇటు పోయాయి. అంటే నేను నేర్చుకున్నది కూడా తలకిందుల నేర్పు. పరీక్షలో జనంవైపు మొహం పెట్టి, సరైన వైపు కూర్చుని వాయించమంటారు. నా వల్ల కాదు.

అందుకని ఒకటి అనుకున్నాను. గురువారం తెల్లారేసరికి జమాల్ మామ పడవ కుదాత్‌వైపు వెళ్తోంది, పది రోజులు చేపల వేట. నన్ను రమ్మన్నాడు. నేను లేకపోతే, శిష్యురాలు జొహోర్ వెళ్లిపోయిందని అమ్మమ్మ నిజం చెప్పేస్తుంది. జేగంటలు పట్టుకుపోతారు, అంతే కదా. తప్పు నీదీ కాదు, నాదీ కాదన్నట్టు ఉంటుంది. అమ్మమ్మకి బాధే. కానీ నేను అందరి ముందూ కూర్చుని చెయ్యి ఆడక ఉండిపోతే ఆవిడకి ఇంకా బాధ.

ఆపకు. ఎట్లాగూ నువ్వు రావుగా.

నీ తమ్ముడు,
మస్రిన్

*

అక్కా,

ఇది గురువారం సాయంత్రం. పడవ వెళ్లిపోయింది. నేను వెళ్లలేదు. ముందునుంచీ చెప్తాను, మధ్యలో ఫోన్ చెయ్యకు, ఫోన్లో నాకు మాట రాదు.

పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని బయటికొచ్చాను. అమ్మమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. జేగంటలు ఎనిమిదీ చట్రంలోంచి తీసి, ఒక్కోదాన్నీ తన పాత సారంగు లుంగీల్లో చుడుతోంది. నా సంచీ చూసింది, చేతిలోది చుడుతూనే ఉంది. నేనే అడిగాను, "ఎందుకు చుడుతున్నావు" అని.

"వాన్‌లో పోతాయి కదా. రోడ్డు గతుకులు. అంచులు దెబ్బతింటే ఇంకో ఊరి ముసలిదానికి పనికిరావు" అంది.

"ఇంకా ఎవరూ రాలేదుగా."

"నువ్వు పోతున్నావుగా" అంది. అని ఇంకోటి చుట్టింది. "పోయేవాడివి పో. మామ ఎదురుచూస్తుంటాడు."

నేను జెట్టీ దాకా వెళ్లాను. మామ తాడు కూడా విప్పాడు. ఆ జేగంటల్ని పసిపిల్లలకి గుడ్డ చుట్టినట్టు చుట్టిందక్కా. అది కళ్లముందునుంచి పోలేదు. "మామా, నేను రాను" అన్నాను. "కడుపునొప్పా" అన్నాడు. అవునన్నాను. అది అబద్ధం కూడా కాదు.

తిరిగొచ్చి సారంగులన్నీ విప్పి జేగంటలు మళ్లీ పేర్చాను. అమ్మమ్మ పక్కన నిలబడి, "అది కాదు, దాని పక్కది" అంది, అంతే.

పదింటికి ఊరి హాల్లోకి వచ్చారు. బొటనవేళ్లు పంపిన జొవిలిన్ మేడమ్, ఆవిడతో అవాంగ్ సార్. ఊరంతా వచ్చింది. వంతెన కుర్రాళ్లు కూడా కిటికీలు పట్టుకుని నిలబడ్డారు. మేడమ్ ఫైలు తెరవకముందే చెప్పెయ్యాలని నేనే వెళ్లాను. ఆవిడ చెప్పులకేసి చూస్తూ చెప్పాను, "మేడమ్, అక్క లేదు. మార్చిలోనే వెళ్లిపోయింది. ఫోటోల్లో ఉన్నది నేను. అమ్మమ్మ తప్పు లేదు, జైలు అంటే నన్ను తీసుకెళ్లండి."

మేడమ్ ఫైలు తెరిచింది. తరవాత ఫైలు నావైపు తిప్పింది. "బాబూ, ఇక్కడ ఏం రాసుందో చదువు" అంది.

శిష్యుడు అని ఉంది. దాని పక్కన నా పేరు. నాన్న పేరుతో సహా. తేదీ మార్చి ఇరవైరెండు.

"మీ అక్క వెళ్లేముందు ఆఫీసుకొచ్చి మార్పించింది. మీ అమ్మమ్మ వేలిముద్ర వేసింది" అంది మేడమ్. "మొదటినుంచీ శిష్యుడివి నువ్వే. అంతా బాగానే ఉంది. కానీ ఒక్కటి మాకు అర్థం కాలేదు. ప్రతినెలా ఈ అబ్బాయి స్కార్ఫు ఎందుకు కట్టుకుంటున్నాడు?"

అవాంగ్ సార్ అన్నాడు, "నేను ఆగస్టులో పందెం కూడా కట్టాను, ఇది ఇక్కడి ఆచారం అని. ఆచారమేనా?"

హాలంతా నవ్వింది. దుల్ బావ అయితే స్తంభం పట్టుకుని కూర్చుండిపోయాడు. నేను అమ్మమ్మకేసి చూశాను. ఆవిడ నవ్వలేదు.

"ముసుగు లేకపోతే కూర్చునేవాడివా?" అంది.

కూర్చునేవాణ్ణి కాదు.

తొమ్మిది నెలలు గవర్నమెంటుని మోసం చేస్తున్నానని వణికి చచ్చాను. మోసపోయింది నేనొక్కణ్ణే అన్నమాట. నువ్వు, అమ్మమ్మ కలిసి చేసిన పని. ఎందుకు చెప్పలేదని నిన్ను అడగబోయి ఆగిపోయాను. కాగితం మీద నా పేరుందని ఏప్రిల్లో తెలిస్తే నేను ఏప్రిల్లోనే పడవెక్కేవాణ్ణి. నీకు తెలుసు. నేను లేఖ మీద లేఖ పంపుతుంటే నోరు మూసుకుని ఉండడం నీకెంత కష్టమైందో అనుకున్నాను. అయినా ఆ ఒక్క ముక్క జవాబుకి కొంచెం కోపం ఇంకా ఉంది.

తరవాత వాయించమన్నారు. నేను ఎటు కూర్చోవాలో చెప్పాను, అటయితే మీకు నా వీపే కనబడుతుందని. అవాంగ్ సార్ "దానికేముంది" అని చట్రం రెండు చేతులతో ఎత్తి అటుది ఇటు తిప్పేశాడు. అయిపోయింది. ఇప్పుడు ఎనిమిదిలో పెద్దది నా కుడివైపే, ఎదురుగా ఊరంతా. ఇంత చిన్న పని నాకెందుకు తట్టలేదో. తట్టి ఉంటే ఇన్నాళ్లు భయపడేవాణ్ణే కాదు.

కర్రలు పట్టుకున్నాను. చెయ్యి లేవలేదు. ఎవరో దగ్గారు. అప్పుడు అమ్మమ్మ తన కుర్చీలోంచి లేచి, మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి, నా ఎదురుగా నేలమీద కూర్చుంది. ఆఫీసర్లకి తన వీపు పెట్టి. నాకు ఇంక ఆవిడ మొహం తప్ప ఏమీ కనబడలేదు. ఆవిడ తల ఒక్కసారి ఊపింది, నేను కొట్టాను.

మూడూ వాయించాను. రెండోదాంట్లో ఒకచోట తప్పాను, ఆవిడ కళ్లతోనే ఆపింది, సరిచేసుకున్నాను. మూడోదానికి జైనాల్ తాత వచ్చి మగాళ్లు కొట్టే పెద్ద జేగంట అందుకున్నాడు, ఇంకెవరో డోలు. పిల్లలు లేచి ఆడారు. నేను తల ఎత్తలేదు. అయ్యాక మేడమ్ కాగితంమీద ముద్ర వేసింది. జేగంటలు ఊరివి. ఇంకో మాట కూడా అంది, వచ్చే ఏడాదికి ఇంకో శిష్యురాలిని చూసుకోండి, దరఖాస్తు జనవరిలో అని. అమ్మమ్మ, "ఈసారి నోరున్నదాన్ని చూడాలి" అంది.

వంతెన కుర్రాళ్లు ఏమన్నారో చెప్పలేదు కదా. ఏమీ అనలేదు. ఒకడు మాత్రం, "మూగోడా, నువ్వు ఆ చివర పెద్దది కొట్టినప్పుడు కిటికీ అదిరిందిరా" అన్నాడు. అది మెచ్చుకోవడమే అనుకుంటున్నాను.

భోజనాలప్పుడు పైపేట నుంచి వచ్చిన ఒకావిడ నా దగ్గరకొచ్చింది. వాళ్లమ్మాయి పెళ్లి ఫిబ్రవరిలో. ఆవిడ అమ్మమ్మని అడగలేదు, నన్ను అడిగింది, "బాబూ, వచ్చి వాయిస్తావా, లేకపోతే స్పీకరు మాట్లాడుకోమంటావా" అని. నేను అమ్మమ్మ కోసం చూశాను. ఆవిడ దూరంగా చేపముల్లు తీసుకుంటోంది, కావాలనే అటు తిరిగింది.

"స్పీకరు వద్దండీ, వస్తాను" అన్నాను. పైకే అన్నానక్కా. అంత దూరంలో అమ్మమ్మకి కూడా వినబడింది.

నీ తమ్ముడు,
మస్రిన్