నల్ల టీషర్టు స్వామి

నవంబర్ 16, ఆదివారం

తెల్లవారీ తెల్లవారకముందే సిలార్ ఫోన్. "రేయ్ పెంచలా, యాడుండావు?" "మంచంలో" అన్నాను. "అయితే లెయ్. ఉప్పుగాలి వాళ్లు మళ్లీ కలిసినారు!"

లేచాను. లేవడమేమిటి, గంతేశాను!

ఉప్పుగాలి అంటే నా కాలేజీ రోజుల నుంచీ నా చెవుల్లో కాపురం ఉంటున్న రాక్ బ్యాండు. అప్పట్లో నెల్లూరులో వాళ్ల ప్రోగ్రాం పెట్టారు. నేనూ సిలారూ వెళ్లేసరికి తుపానుకు స్టేజీ రేకులు లేచిపోయాయి. ప్రోగ్రాం రద్దు. ఆ మరుసటి నెలలోనే బ్యాండు వాళ్లు తిట్టుకుని విడిపోయారు. ఇన్నేళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇప్పుడు అందరికీ అరవై దాటాక బుద్ధొచ్చి, రాజీ పడి, ఊరూరా తిరిగి పాడుతున్నారట. డిసెంబర్ 13, శనివారం సాయంత్రం ఆరున్నరకు నెల్లూరులో!

సిలార్ రెండు టికెట్లూ తన ఫోన్లోనే తీసేశాడు. సరిగ్గా స్టేజీ ముందు. అక్కడ కుర్చీలు ఉండవు. మూడు గంటలూ నిలబడాలి.

సిలార్‌ది నెల్లూరులో టైలరింగ్ షాపు. పోయినేడు గుండెకు స్టెంటు వేశారు. "ఇద్దరం కలిసి ఒక్కసారి చూసేద్దాం రా" అన్నాడు. వాడు అంత నెమ్మదిగా మాట్లాడితే నాకు భయమేస్తుంది. చూడాల్సిందే. ఈసారి తప్పితే ఇక లేదు.

తీర్మానం: మొదటి పాట నుంచి ఆఖరి పాట దాకా, ముందు వరుసలో, కూర్చోకుండా చూస్తాను. నాకు యాభై నాలుగేళ్లు. నా మోకాళ్లకు మాత్రం డెబ్బై పైనే. కాబట్టి రేపటి నుంచే తర్ఫీదు.

ధనలక్ష్మికి చెప్పలేదు. చెబితే "ఈ వయసులోనా?" అంటుంది. ఆ రోజు రొయ్యల మేత కంపెనీ మీటింగు ఉందని చెప్పేస్తే గొడవ లేదు.

నవంబర్ 17, సోమవారం

ప్రణాళిక!

కొట్టులో కుర్చీ తీసేయాలి. (నాది తోటపల్లి గూడూరులో రొయ్యల మేత కొట్టు. ఇన్నాళ్లూ వ్యాపారమంతా ఆ కుర్చీలోంచే.)
చెప్పులు లేకుండా చెరువు గట్ల మీద నడవాలి. పాదాలు గట్టిపడతాయని వీడియోలో చెప్పారు.
తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం. నరాలకు మంచిది.
పడక నేల మీద. నడుముకు మంచిది.
చేపలు, మాంసం బంద్. బరువు తగ్గితే మోకాళ్లకు మంచిది.
గడ్డం! రాక్ అభిమాని నున్నగా గీసుకుని వెళితే పెళ్లిచూపులకు వచ్చినట్టు ఉంటుంది.

అన్నీ ఇవాళే మొదలుపెట్టాను. చన్నీళ్లు పోసుకున్నప్పుడు కేక పెట్టాను. ఆ కేక ఉప్పుగాలి సింగర్ సమాధానం గారి కేకకు ఏమాత్రం తీసిపోదు.

నవంబర్ 19, బుధవారం

సిలార్ నాకూ తనకూ నల్ల టీషర్టులు కుట్టి, నాది పంపించాడు. జేబు దగ్గర చిన్న అల బొమ్మ, అంతే. అలవాటు పడాలని కొట్టుకు అదే వేసుకెళ్లాను. కిందికి నల్ల లుంగీ కట్టాను, జోడీ కుదిరింది.

పది గంటలకు హజరత్తయ్య వచ్చాడు. రోజూ వచ్చి, తన రొయ్యలు పెరగకపోవడానికి నా మేతే కారణమని గంటసేపు తగువు పెట్టుకునే మనిషి. ఇవాళ గుమ్మంలోనే ఆగిపోయాడు. నోట్లో బీడీ తీసి పారేశాడు. రెండు చేతులూ జోడించాడు.

"స్వామియే శరణం. మాల ఎప్పుడేసినావు స్వామీ?"

నా వెనక ఎవరున్నారా అని చూశాను. ఎవరూ లేరు.

నల్ల బట్టలు, మాసిన గడ్డం, ఉత్త కాళ్లు. అదీ కార్తీకం వెళ్లబోతున్న వేళ. అయ్యప్ప మాల అనుకున్నాడు! కాదని చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోపు హజరత్తయ్య తగువు లేకుండా మేత బస్తాలు తానే భుజాన వేసుకుని నిశ్శబ్దంగా వెళ్లిపోయాడు.

ఆ నిశ్శబ్దం ఎంత బాగుందో! రేపు చెబుదాంలే.

నవంబర్ 22, శనివారం

ఇంకా చెప్పలేదు. నా తప్పేముంది? ఎవరూ అడగడం లేదు, అందరూ దండం పెడుతున్నారు.

బస్సులో ఒకాయన లేచి సీటిచ్చాడు. తర్ఫీదులో ఉన్నాను కదా, వద్దన్నాను. బస్సంతా నన్ను భక్తిగా చూసింది. టీ కొట్టులో నా గ్లాసు రెండుసార్లు కడిగారు.

ధనలక్ష్మి మాత్రం అయిదు రోజులుగా నన్ను పైనుంచి కిందికి చూస్తోంది. "చెప్పుల్లేవు, మంచం లేదు, చేపల్లేవు. ఏంది సంగతి?"

"ఆరోగ్యం" అన్నాను.

నవ్వీ నవ్వనట్టు నవ్వింది. ఇవాళ పొద్దున, "స్వామీ, నీళ్లు తోడినా, లెయ్యి" అంది. బావి నీళ్లు. మంచు కలిపినట్టున్నాయి.

నవంబర్ 25, మంగళవారం

నెల్లూరులో పని పడింది. మధ్యాహ్నం అయింది. ఒక్కడినే ఉన్నాను. తెలిసిన మొహం ఒక్కటీ లేదు. హోటల్లోంచి చేపల పులుసు వాసన. మామిడికాయ వేసి కాచిన వాసన!

వెళ్లి కూర్చున్నాను. (హోటల్లో కూర్చోవచ్చు. తీర్మానం ప్రోగ్రాం వరకే.) సర్వర్ కంగారుగా పరుగెత్తుకొచ్చాడు.

"స్వామీ, ఇది నాన్‌వెజ్. పొరపాటున వచ్చినట్టుండారు. రండి, నేను చూపిస్తా."

చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, శాకాహారం హోటల్లో కూర్చోబెట్టి, "స్వామిని బాగా చూసుకోండన్నా" అని అప్పజెప్పి మరీ వెళ్లాడు. అంత మంచివాణ్ణి తిట్టుకోవడానికి కూడా మనసొప్పలేదు. పొట్లకాయ కూర తిన్నాను.

నవంబర్ 28, శుక్రవారం

కొట్టులో ఎవరూ లేరని ఉప్పుగాలి వాళ్ల 'ఆఖరి బస్సు' పాట కూనిరాగం తీస్తున్నాను. కళ్లు తెరిస్తే ఎదురుగా కామాక్షయ్య గురుస్వామి. ఏటా మా ఊరి స్వాములను శబరిమలకు తీసుకెళ్లే పెద్దాయన.

"ఏం భజన స్వామీ అది? ఇననట్టుందే."

"పాతది" అన్నాను. అబద్ధం కాదు.

"పదమూడో తేదీ సాయంత్రం మా ఇంట్లో పడిపూజ. నువ్వు పాడాల. నీ గొంతు లేకపోతే పూజకు కళ ఉండదు స్వామీ."

పదమూడు! ఆ రోజు కుదరదని చెప్పాలి. నాలుక చివరి దాకా వచ్చింది. కానీ యాభై నాలుగేళ్లలో నా గొంతు గురించి ఎవరైనా మంచి మాట అన్నారా? ధనలక్ష్మి అయితే నేను పాడితే కుక్కర్ పెడుతుంది.

"ఎన్ని గంటలకు స్వామీ?" అన్నాను. నన్ను చెప్పుతో కొట్టాలి. చెప్పులు కూడా లేవు.

డిసెంబర్ 2, మంగళవారం

వాన. మోకాళ్లు బన్నుల్లా ఉబ్బాయి. కొట్టులో మేత బస్తా మీద కాసేపు ఆనుకున్నాను. తర్వాత కూర్చున్నాను. బస్తా కుర్చీ కాదు కదా! తీర్మానంలో బస్తా మాటే లేదు.

నేల చల్లగా ఉందని మంచం ఎక్కాను. వాన వెలిసేదాకానే.

ధనలక్ష్మి గుడికి వెళ్లినప్పుడు వంటింట్లో చేపల కూర కనిపించింది. తన కోసం వండుకుంది. రుచి చూశాను. రొయ్యల వ్యాపారంలో ఉన్నవాడు సముద్రంతో సంబంధం పూర్తిగా తెంచుకోవడం మంచిది కాదు. ఆ రుచి చూడడంలో నాలుగు ముక్కలు అయిపోయాయి.

సాయంత్రం ఆమె అంది: "కూరలో పిల్లి పడింది స్వామీ. బో శుద్ధమైన పిల్లి. ముళ్లు పళ్లెంలో పెట్టి, చెయ్యి కూడా కడుక్కోని పోయింది."

నేను శరణుఘోష చెప్పుకుంటున్నట్టు పెదాలు కదిపాను.

డిసెంబర్ 6, శనివారం

సిలార్‌కు పడిపూజ సంగతి చెప్పాను. "అయిదుకు మొదలు. ఒక్క పాట పాడి ఆరుకంతా రోడ్డు మీద ఉంటా. నువ్వు కారు మలుపులో పెట్టుకో."

"పెంచలా, అప్పుడు తుపాను చెడగొట్టింది. ఈసారి నువ్వు చెడగొట్టేటట్టుండావు" అన్నాడు.

ఫోన్ పెట్టేసరికి గుమ్మంలో ధనలక్ష్మి. "వచ్చే శనివారం సాయంత్రం మీటింగన్నావే, ఏం మీటింగు?"

"మేత కంపెనీ."

"పాటలు కూడా పాడిస్తారా కంపెనీలో? మంచి కంపెనీ."

డిసెంబర్ 10, బుధవారం

కామాక్షయ్య గారింట్లో భజన సాధన. ఇవాళ నిజం చెప్పేయాలని గట్టిగా అనుకుని వెళ్లాను. ఆయన నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. ఎనిమిది మంది స్వాములు నా వైపు తిరిగి చూస్తున్నారు.

శనివారం చెబుతాను. పాడేముందు.

డిసెంబర్ 13, శనివారం, మధ్యాహ్నం

అంతా సిద్ధం. అయిదుకు పూజ, నిజం, పాట. ఆరుకు సిలార్ కారు. ఆరున్నరకు ఉప్పుగాలి! ఇన్నేళ్ల తర్వాత, ఈ సాయంత్రం!

డిసెంబర్ 14, ఆదివారం

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

కామాక్షయ్య గారి ఇంటి ముందు పందిరి వేసి, అరటి బోదెలతో పద్దెనిమిది మెట్లు కట్టి, దీపాలు పెట్టారు. ఆయన్ని పక్కకు పిలిచి చెప్పేశాను. "గురుస్వామీ, నేను మాల వేయలేదు. ఇది పాటల ప్రోగ్రాం కోసం వేసుకున్న టీషర్టు. క్షమించాలి."

ఆయన నా మెడ వైపు చూపించారు. "మెడలో మాల లేకపోతే కనపడదా నాయనా? మొదటి రోజే చూసినా. ఎవురితోనూ తగువు పడకుండా మంచిగా ఉండావు, చెడగొట్టేది దేనికని ఊరకుండినా. సరేలే, ఒక్క పాట పాడి పో."

కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్క పాటే కదా. కానీ నాకు వచ్చినవి ఉప్పుగాలి బాణీలే! 'ఆఖరి బస్సు' బాణీలో స్వామి పేరు పెట్టి ఎత్తుకున్నాను. లేచి నిలబడి మరీ. పందిరంతా ఒక్క గొంతుతో అందుకుంది. హజరత్తయ్య తాళాలు వాయిస్తున్నాడు. డోలక్ అదిరిపోతోంది. నేను చెయ్యెత్తితే వందమంది చెయ్యెత్తారు!

"ఇంకోటి స్వామీ!"

ఇంకోటి పాడాను. ఆ తర్వాత ఇంకోటి. ఇంట్లో రోజూ పెట్టుకునే ఉప్పుగాలి క్యాసెట్టులో మొదటి వైపు పాటలన్నీ అయిపోయాయి. రెండో వైపు మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే సమాధానం గారు కూడా గుర్తు రాలేదు. సిలార్ గుర్తు రాలేదు. నేను, నా గొంతు, ఆ వందమంది. మోకాళ్లు ఒక్కసారి కూడా నొప్పి అనలేదు.

హారతి అయ్యాక ఫోన్ తీస్తే ఎనిమిదిన్నర. సిలార్ ఎన్నిసార్లు చేశాడో లెక్కే లేదు. చివరికో మెసేజీ: "నీ టికెట్ మీద చెల్లెమ్మ వస్తా ఉంది. నువ్వు పాడుకో."

చెల్లెమ్మ అంటే ధనలక్ష్మి.

నేను ఫోన్ ఎత్తకపోయేసరికి సిలార్, వాడి భార్య నజ్మా మా ఇంటికి వెళ్లారట. నజ్మా టికెట్ తర్వాత తీసుకున్నారట. అసలు సంగతి విన్న ధనలక్ష్మి నల్ల చీర కట్టుకుని అయిదు నిమిషాల్లో కారెక్కిందట.

ఇవాళ పొద్దున కాఫీ ఇచ్చింది. ఆమె గొంతు పూర్తిగా పోయింది. అరిచీ అరిచీ.

"ముందు వరసలోనే ఉండినాం. ఆఖరి బస్సు పాటకు సమాధానం గారు మైకు మా పక్క తిప్పినాడు. మాటలన్నీ నాకే వచ్చు. సిలారన్న ఏడ్చినాడు" అంది.

కుళ్లు. నాకు పచ్చి కుళ్లు. ఏదో ఒకటి అనాలని, "మూడు గంటలు నిలబడ్డావా? తర్ఫీదు లేకుండా?" అన్నాను.

ఆమె నన్ను తేరిపార చూసింది. "పెళ్లయిన కాడ్నుంచి పొయ్యి ముందర నిలబడే ఉండా. నాకు తర్ఫీదు దేనికి? ఆ క్యాసెట్టు కూడా ఆడ నిలబడే ఇన్నా, నీతో పాటు, రోజూ. ఒక్కసారన్నా నువ్వూ వస్తావా అని అడిగినావా? మేత కంపెనీ అంట!"

కాఫీ చల్లారిపోయింది. ఆమెకు ఆ పాటలు ఇష్టమని నాకు తెలియదు. కుక్కర్ పెట్టేది నా గొంతు వినపడకుండా ఉండడానికే గానీ, పాట వినపడకుండా కాదట. చాలా సిగ్గేసింది.

డిసెంబర్ 18, గురువారం

సిలార్ ఫోన్ చేశాడు! జనం ఎక్కువైపోయారని ఉప్పుగాలి వాళ్లు ఇంకో ప్రోగ్రాం పెట్టారట. చెన్నైలో, జనవరి 24, శనివారం. వాడికి నా మీద కోపం పోలేదు, అయినా ఫోన్ చేశాడు. వాడు మనిషంటే మనిషి.

ఈసారి ముందు ధనలక్ష్మిని అడిగాను. "జనవరిలో ఉప్పుగాలి చూడడానికి నాతో వస్తావా?"

"ఆ రోజు మీటింగు లేదా?" అంది. తర్వాత వస్తానంది. నాలుగు టికెట్లు తీయించాను.

తీర్మానం, మళ్లీ మొదటి నుంచి: మొదటి పాట నుంచి ఆఖరి పాట దాకా, ముందు వరుసలో, ధనలక్ష్మి పక్కన, కూర్చోకుండా. బస్తాల మీద కూడా కూర్చోకూడదు. తర్ఫీదు ధనలక్ష్మి ఇస్తానంది. ఇవాళ నేనే పొయ్యి ముందు నిలబడి దోసెలు పోశాను. గడ్డం గీసేశాను. నల్ల బట్టలు పెట్టెలో పెట్టి, ఏ అనుమానానికీ తావు లేకుండా తెల్ల చొక్కా, తెల్ల పంచె కట్టుకుని కొట్టుకు వెళ్లాను.

పదకొండు గంటలకు హజరత్తయ్య నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. గుమ్మంలో ఆగి నన్ను ఎగాదిగా చూశాడు. మొహం వెలిగిపోయింది.

"సర్పంచికి నామినేషన్ ఎప్పుడేస్తా ఉండావన్నా? మా వీధి ఓట్లన్నీ నీకే. నీలాంటోళ్లు రావాలన్నా ఊరికి!"

కాదని చెప్పడానికి నోరు తెరిచాను.

జనవరి 24 సాయంత్రం మాత్రం ప్రచారం పెట్టవద్దని చెప్పాను.