455 అని సంతకం పెట్టాను

మార్చి 8
తేల్చేశాను. 455. మెకానిక్ డేల్ వర్క్‌షాప్‌లో కాగితం మీద నా చేత్తో రాసి, కింద సంతకం కూడా పెట్టి వచ్చాను. 1970 మోడల్ కారు, ఇంజన్ లేకుండా దొరికింది. రెండు ఇంజన్లలో ఒకటి ఎంచుకోమన్నాడు డేల్, అంకె పెద్దదైతే బలం ఎక్కువ. చిన్నది, 350 అయితే ఊళ్ళో తిరగడానికి హాయి. పెద్దది, 455 అయితే... "అది మీ చేతిలో ఉండదు మ్యామ్, ముందే చెప్తున్నా." నవ్వొచ్చింది. నాకు కావలసింది అదే.
రెసిడెన్సీ రోజుల్లో హాస్పిటల్ పార్కింగ్‌లో ఒక సీనియర్ సర్జన్ ఇలాంటి బండే స్టార్ట్ చేసేవాడు. నేను చీర మీద కోటు వేసుకుని బస్ కోసం నిలబడి ఉండేదాన్ని. కాళ్ళ కింద నేల అదిరేది. అప్పటి కోరిక. డెబ్బై నాలుగు వచ్చాయి, ఇంకెప్పుడు?

మార్చి 9
ఈయన పొద్దుటి నుంచీ మూతి ముడుచుకుని ఉన్నారు. ముప్పై ఏళ్ళు వంతెనలు డిజైన్ చేసిన మనిషి, ఉప్మాలో ఉప్పుకి కూడా సేఫ్టీ ఫ్యాక్టర్ కావాలి. "శారదా, 350 చాలదా? నీ మోకాలి సంగతి చూసుకో. బ్రేక్ మీద కాలు లేట్‌గా పడితే?"
అంకెలు కూడి చూపించాను. మూడు, ఐదు, సున్నా — ఎనిమిది. తొమ్మిది వచ్చే నంబర్ ప్లేట్ కోసం ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగిన మనిషి కదా. "ఎనిమిది మనకి అచ్చిరాదు కదండీ" అన్నాను. సాయంత్రం పకోడీలు వేసి శాంతపరిచాను.

ఏప్రిల్ 2
ఇంజన్ వచ్చిందని డేల్ ఫోన్. వెళ్ళి చూద్దామనుకున్నా. "మోకాలు నొప్పి అన్నావుగా, నేను చూసొస్తాలే" అన్నారు ఈయన. మంచివారు.

ఏప్రిల్ 26
వచ్చేసింది. గుళ్ళో పూజ. టైర్ల కింద నిమ్మకాయలు, కొబ్బరికాయ. కీ తిప్పగానే పూజారిగారు రెండడుగులు వెనక్కి వేశారు. "455 అంటే ఇదండీ" అని కనిపించిన వాళ్ళందరికీ చెప్పాను. మా అమ్మాయి మాయ జెర్సీ సిటీ నుంచి వీడియో కాల్‌లో చప్పట్లు. ఈయన పక్కనే నిలబడి కొబ్బరి ముక్కలు పంచారు.

మే 11
లేక్ దాకా ఒక్కదాన్నే. అద్దాలు దించి. ఇంత చక్కగా మాట వింటుందనుకోలేదు... స్టీరింగ్ మీద వేలు ఆనిస్తే తిరుగుతోంది. డేల్ ఊరికే భయపెట్టాడు. సంతోషంగా ఉంది. చాలా.

జూన్ 14
350.

అదే రోజు, మధ్యాహ్నం
పొద్దున పాత కార్ల వాళ్ళు చేరే చోట ఇంజన్ మీది హుడ్ ఎత్తి నిలబడ్డాను. ఒక పెద్దాయన వంగి చూసి "నైస్ త్రీ-ఫిఫ్టీ" అన్నాడు. కాదు, 455 అన్నాను. ఆయన వాదించలేదు. వీటిలో పెద్దదీ చిన్నదీ పైకి ఒకేలా ఉంటాయి, పక్కన కిందుగా అంకె పోతపోసి ఉంటుంది, చూసుకోండి అన్నాడు. కళ్ళకి ఆనలేదు. చెయ్యి పెట్టి తడిమాను. నరం వెతకడం నాకేమన్నా కొత్తా. రంగు కింద ఉబ్బెత్తుగా మూడు. ఐదు. సున్నా.
ఇంటికొచ్చి ఈయన్ని అడిగాను. అబద్ధం ఆడలేదు, అదొక గొప్ప. టీవీ మ్యూట్ చేసి మరీ చెప్పాడు. "నేనే మార్పించాను. నువ్వే మనసు మార్చుకున్నావని డేల్‌తో అన్నాను. నీకేమన్నా అయితే నేనేం కావాలి శారదా?"
ఆ మాటకి కరగాలి. కరగలేదు. మత్తు డాక్టర్‌గా ముప్పై ఐదేళ్ళు చేశాను. ఎమర్జెన్సీలు వదిలేస్తే, ఏ మందు ఇస్తున్నానో చెప్పకుండా, సంతకం లేకుండా ఒక్క మనిషిని నిద్రపుచ్చలేదు. నన్ను నా మొగుడే నిద్రపుచ్చాడు. ఎనిమిదంటే హడలిపోయే మనిషి, చివరికి ఆ ఎనిమిదికి కూడా సిద్ధపడ్డాడు.

జూన్ 15
మాయ ఫోన్. "అమ్మా, నాన్న వాజ్ స్కేర్డ్. ఐ టోల్డ్ హిమ్..." ఆగిపోయింది. నీకు తెలుసా అన్నాను. "ఏప్రిల్‌లోనే చెప్పాడు. నువ్వు హ్యాపీగా ఉన్నావ్, సో నేను చెప్పలేదు."
పూజ రోజు ఆ చప్పట్లు. ఫోన్ పెట్టేశాను.

జూన్ 17
నాకు బీపీ వచ్చినప్పటి నుంచీ పొద్దుటి కాఫీ ఆయనే కలుపుతాడు. ఎంత బాగుందండీ అని రోజూ అనేదాన్ని. ఇవాళ ఎందుకో అనుమానం వచ్చి చెత్తబుట్టలో చూశాను. ఖాళీ ప్యాకెట్. డీక్యాఫ్, కెఫీన్ తీసేసిన పొడి.
ఎన్నేళ్ళ నుంచి... అడగలేదు. అడిగితే అదీ చెప్పేస్తాడు.

జూన్ 18
నా కంచంలో వడ్డించి, మూత పెట్టి వెళ్తున్నాడు. తింటున్నాను.

జూన్ 20
డేల్ దగ్గరికి వెళ్ళాను. మొహం ఎర్రబడింది. "మీ హస్బెండ్ చెప్తే నమ్మేశాను మ్యామ్. మీకో ఫోన్ చేసి ఉండాల్సింది." అవును, ఉండాల్సింది. 455 ఇంకా షెడ్‌లోనే ఉందట. మీద కప్పిన టార్పాలిన్ పట్టా తీసి చూపించాడు. తప్పు తనది కూడా కనుక ఊరికే మార్చిపెడతానన్నాడు. సోమవారంలోగా చెప్పమన్నాడు. వెంటనే మార్చెయ్యి అనబోయాను. నోటిదాకా వచ్చి ఆగింది.

జూన్ 21
లేక్ రోడ్డు మీద మళ్ళీ వెళ్ళాను. ఇక్కడైనా నిజం రాయాలి — ఈ బండి నాకు నచ్చింది. రెండు నెలలు నేను మురిసిపోయింది ఈ 350తోనే. మలుపుల దగ్గర మోకాలు ఒక్కసారి కూడా బాధపెట్టలేదు. ఉంచుకుంటే, "చూశావా" అని ఆయన అనడు. అనకుండా కాఫీ తెచ్చిస్తాడు. దాన్నే భరించలేను. పెద్దది పెట్టిస్తే అది నాకోసమా, ఆయన మీద కసితోనా...

జూన్ 23
డేల్ ఫోన్ చేశాడు. "ఏది పెట్టమంటారు మ్యామ్?" పక్క గదిలో పేపర్ చప్పుడు ఆగిపోయింది. మార్చిలో ఈ ప్రశ్నకి నాకు క్షణం పట్టలేదు. ఇంకో రెండు రోజులు టైమ్ ఇవ్వమన్నాను.
ఫోన్ పెట్టాక ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. తొమ్మిది రోజుల తర్వాత మొదటి మాట.
"నీ ఇష్టం శారదా."
ఏది నా ఇష్టమో నాకే తెలియకుండా చేసి, ఇప్పుడు.