మా టీవీకి వోల్టేజీ తిప్పేదెవరు?

చిలకలపూడి, బందరు
సోమవారం

గుడివాడ టీవీ సర్వీసు సెంటరు వారికి రత్నం నమస్కరించి రాస్తున్నది.

మీ నంబరుకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కమంది, రెండు నొక్కమంది. తొమ్మిది దాకా నొక్కాను, మనిషి పలకలేదు. అందుకే ఉత్తరం.

రాజబాబు గారి గిల్టు నగల కార్ఖానాలో ఇరవై తొమ్మిదేళ్లుగా రంగు చూసే మనిషిని నేను. పూత తొట్టిలోంచి తీసిన గాజుని నేను సరే అంటేనే పెట్టెలో పెడతారు. ఈ వేసవిలో మీ పెద్ద టీవీ కొని కొట్లో పెట్టారు. పై ఊళ్ళ వ్యాపారులు మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చి, అందులో నగల ఫొటోలు చూసి ఆర్డరిస్తారు. సరుకు చేరాక "టీవీలో నిమ్మపండు రంగు, పెట్టెలో పసుపుకొమ్ము రంగు, ఇదేంటండీ?" అని తిప్పి పంపుతున్నారు. రాజబాబు గారేమో "నీ చూపు తగ్గింది రత్నం" అంటున్నారు. దసరాకి రంగు కొలిచే మిషను వస్తుందట. అదొస్తే నేను ఇంటికే.

తప్పు నా కంటిదో మీ తెరదో తేల్చి ఒక కాయితం రాసివ్వండి, మీకు పుణ్యం ఉంటుంది.

ఇట్లు,
రత్నం

తా.క.: కళ్ళ డాక్టరు గారు నా చూపు బాగుందన్నారు. ఆయన గోడ మీది అక్షరాల అట్టే వెలిసిపోయిందని నేను చెప్పి వచ్చాను.

*

గుడివాడ

గౌరవనీయులైన రత్నం గారికి,

మీ ఫిర్యాదు అందినది. మా టీవీ కింది అంచులో గది వెలుతురు చూసే సెన్సరు ఉంటుంది. గదిలో వెలుతురు తగ్గితే తెరకి వెళ్ళే వోల్టేజీ తగ్గుతుంది, పెరిగితే పెరుగుతుంది. దీనివల్ల బొమ్మ ఎంత కాంతిగా ఉండాలో అంతే ఉంటుంది, కరెంటూ ఆదా అవుతుంది. ఇది లోపం కాదు, సదుపాయం. దుమ్ము ఉంటే మృదువుగా శుభ్రం చేయగలరు.

భవదీయుడు,
సాయికిరణ్, టెక్నీషియన్

తా.క.: మా సెంటరుకి వచ్చిన మొదటి ఉత్తరం మీదే. ఏ ఫైల్లో పెట్టాలో తెలియక మా సారు క్యాలెండరు వెనక దోపారు.

*

చిలకలపూడి

బాబూ సాయికిరణ్,

నూరేళ్ళు చల్లగా ఉండు. వోల్టేజీ అని ముందే చెబితే పోయేదిగా! నగకి పూత పట్టించేది కరెంటే, మా తొట్టికీ ప్రాణం అదే. నాబు కాస్త పెంచితే రంగు మాడుతుంది, తగ్గిస్తే పాలిపోతుంది. ఆ నాబు దగ్గర నేనే కూర్చుంటాను, మధ్యలో లేవను.

మరి మా టీవీకి నాబు తిప్పే మనిషి ఎవరు? గుడివాడలో ఉంటాడా, హైదరాబాదులోనా? పొద్దున బాగానే తిప్పుతున్నాడు. మూడింటికి మాత్రం టీకి లేస్తున్నట్టున్నాడు, సరిగ్గా అప్పుడే నగలన్నీ పాలిపోతున్నాయి. పాపం, అన్ని ఊళ్ళ టీవీలూ ఒక్కడే చూసుకోవాలంటే మాటలా? ఇంకొకణ్ణి పెట్టుకోండి నాయనా.

ఇట్లు,
రత్నం

తా.క.: శుభ్రం చేయమన్నావుగా. మా దగ్గర ఏదైనా కుంకుడు రసంలో నానబెట్టి బ్రష్షుతో తోముతాం. టీవీ తొట్టిలో పట్టలేదు. రిమోటు పట్టింది.

*

గుడివాడ

రత్నం గారూ,

దయచేసి ఇంకేదీ నానబెట్టకండి! కొత్త రిమోటు పంపుతున్నాను.

నాబు దగ్గర మనిషి ఎవరూ లేరండీ. లోపల చిప్పే అంతా చూసుకుంటుంది. మంగళవారం పదకొండింటికి మీ కొట్టుకి వచ్చి మీటరు పెట్టి తెర వెలుతురు కొలిచాను. మీరు తొట్టి దగ్గర పనిలో ఉన్నారన్నారు. తెరలో ఏ లోపమూ లేదు. మీరు అడిగినట్టే ఆ మాట కాయితం మీద రాసి రాజబాబు గారికిచ్చాను.

ఇట్లు,
సాయికిరణ్

తా.క.: నేను మూడింటికి టీకి వెళ్తాను, నిజమే. దానికీ మీ టీవీకీ సంబంధం లేదని మా సారుకి ఎంత చెప్పినా నమ్మడం లేదు.

*

చిలకలపూడి

సాయికిరణ్ గారికి,

బాబూ అని రాయడానికి చెయ్యి రావడం లేదు. మీ కాయితాన్ని రాజబాబు గారు అందరి ముందూ చదివారు. తెరలో లోపం లేదంటే నా కంట్లో ఉన్నట్టేగా! వినీల అనే కొత్తమ్మాయికి పని నేర్పేసి దసరాకి మానెయ్యమన్నారు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

అయినా ఊరుకుంటానా? అసలు మూడింటికే ఎందుకు మారుతోందీ అని నాలుగు రోజులు ఆ టైముకి టీవీ ముందే కూర్చున్నాను. పడమటి గుమ్మంలోంచి ఎండ వచ్చి గాజుల దండెం మీద పడుతోంది. ఆ తళుకు తిన్నగా మీ సెన్సరుకి కొడుతోంది. కొట్టంతా వెలుగే అనుకుని మీ చిప్పు వోల్టేజీ పెంచేస్తోంది. మా తొట్టికి ఇది తిరగేసి, తెరలో వెలుతురు ఎక్కువైతే రంగు పాలిపోతుంది. దండెం మీద తువ్వాలు కప్పాను, నగలు నా రంగుకి వచ్చాయి. తీశాను, రెండు ఛాయలు పాలిపోయాయి. ఇరవైసార్లు కప్పి తీశాను.

పదకొండింటికి కొలిస్తే ఏం తెలుస్తుందండీ? మూడింటికి రండి. టీ నేనే ఇస్తాను.

రత్నం

తా.క.: తువ్వాలు పట్టుకుని నిలబడింది వినీలే. దాని మీద నాకు కోపం లేదు. ఉన్నదంతా మీ మీదే.

*

గుడివాడ

పిన్నిగారూ,

నిన్న మీరు చూస్తుండగానే మీటరు ముల్లు పైకి పోయేసరికి నా మొహం ఎలా అయ్యిందో మీకు తెలుసు. రెండు ఛాయల తేడా అన్నారు, అంతే ఉంది! దండెం జరిపాం కాబట్టి సెన్సరు ఆపక్కర్లేదు, కరెంటు ఆదా కూడా పోదు. పాత కాయితం చించేసి కొత్తది రాసిచ్చాను: "తేడా తెరలోనే. రత్నం గారి చూపు సరైనది."

రాజబాబు గారు చదివి, "మిషను బయల్దేరిపోయిందయ్యా, ఇప్పుడు నేనేం చెయ్యను?" అన్నారు. నా వల్ల ఆలస్యమైంది. క్షమించండి.

సాయికిరణ్

తా.క.: మా సారు క్యాలెండరు వెనక మీ ఉత్తరాలు తీసి, కొత్తగా చేరిన కుర్రాళ్ళ చేత చదివిస్తున్నారు. రిమోటు దగ్గర మాత్రం ఎవరూ ముందుకి సాగడం లేదు.

*

చిలకలపూడి

బాబూ,

మిషను వచ్చింది. చిన్న పెట్టె, ముందు ఒక అద్దం. బిగించడానికొచ్చిన ఆయన స్విచ్చి వేసి, "సరైన రంగు ఏదో ముందు దీనికి చూపించండి. మిగతా వాటిని దాంతో పోల్చి చెబుతుంది" అన్నాడు.

"సరైన రంగు దానికి తెలీదా?" అన్నారు రాజబాబు గారు.

"దానికెలా తెలుస్తుందండీ? ఎవరైనా చూపించాలిగా. రోజూ పొద్దున్నే చూపించాలి" అన్నాడాయన.

కొట్టంతా నా వైపు తిరిగింది. వినీల నవ్వు ఆపుకోలేక చున్నీ నోట్లో కుక్కుకుంది. నేను ఇడ్లీ తింటున్నాను. రెండోది కూడా తిన్నాను. చెయ్యి కడుక్కుని, తొట్టిలోంచి అప్పుడే తీసిన గాజుల్లో ఒకటి ఏరి అద్దం ముందు పెట్టాను. పచ్చ దీపం వెలిగింది.

రాజబాబు గారు ఆ దీపం వంకే చూస్తూ, "రత్నం, రేపు ఎన్నింటికి వస్తావు?" అని అడిగారు.

ఆశీస్సులతో,
మీ పిన్ని రత్నం

తా.క.: అన్నట్టు, మీ మీటరుకి రోజూ సరైన వెలుతురు చూపించేదెవరు? ఎవరూ లేకపోతే బందరు బస్సులో పంపు, ఒకసారి చూసి పెడతాను.